ఏడు గడులు

రిచీ స్ట్రీట్‌లో ఇది నాలుగో దుకాణం.
మొదటి మూడూ నా ప్రశ్నకే నవ్వాయి.
"లైనక్సా? అదేం ఫోను సార్?"

నా లాప్‌టాప్‌కి పన్నెండేళ్లు.
కీలు వదులై తెర వెనక్కి వాలిపోతుంటే
ఒక లావుపాటి నిఘంటువు ఆనిస్తాను.
లోపల పెంగ్విన్ పిట్ట మాత్రం
పిలిస్తే పలుకుతుంది,
పిలవకపోతే తన పని తాను చూసుకుంటుంది.
అంతకన్న నేనెవర్నీ ఏమీ అడగలేదు.

నెలనెలా కడితే కోటి పాటలన్నారు.
ఒక నెల కట్టాను.
మానేసిన మర్నాడు
అద్దెకొంప ఖాళీ చేసినట్టు
గోడకి మేకులు కూడా మిగల్లేదు.
ఇంకొకరు అమ్ముతామన్నారు,
అమ్మి, తాళం వేసి,
తాళంచెవి వాళ్ల మొలలోనే దోపుకున్నారు.
మరొకరి పాట దించుకోవాలంటే
వాళ్ల కిటికీలోంచే దూరాలట.
మా ఇంటికి ఆ కిటికీ లేదు.
ఆఖరికి ఒక చిన్న కొట్టు దొరికింది:
ఫ్లాక్ ఫైలు, పాతిక రూపాయలు, తాళం లేదు,
కొన్నవాడిదే పాట.

ఇక కావలసింది మోసుకు తిరిగే డబ్బా.
తీగ గుచ్చితే సంచిలా నోరు తెరవాలి,
పోసినవి పోయించుకోవాలి,
నడుమ ఎవరి పెత్తనమూ ఉండకూడదు.
ఇంకొకటి,
ఆలాపనకీ తానానికీ మధ్య అర సెకను మింగకూడదు.
ఆ అర సెకనులో
వేళచ్చేరి రైలు దూరి కూర్చుంటుంది,
రాగం వచ్చేసరికి సీటుండదు.

నాలుగో దుకాణంలో యువరాణి
స్క్రూడ్రైవరు చెవి వెనక పెట్టుకుని
అంతా వింది. నవ్వలేదు.
అడుగు సొరుగు లాగి ఒకటి తీసింది:
నల్లటిది, అంచు చెక్కుకుపోయింది, ఎవరో వాడి వదిలేసింది.
"కంపెనీవాడి సాఫ్ట్‌వేర్ తీసేసి
ఊరందరూ కలిసి రాసుకున్నది ఎక్కించినాను సార్."
తెలుగే.
ఉప్పుగాలి తగిలిన తండయారుపేట తెలుగు.

తీగ గుచ్చాను. సంచి నోరు తెరిచింది.
పది రాగాలు పోశాను.
తెర మీద గడులు.
వరసగా, ఖాళీ గడులు.
పేర్లన్నీ తెలుగులో పెట్టుకోవడం నా తప్పు.
తోడి రెండక్షరాలే, నాలుగు గడులయింది:
ఓత్వానికో గది, గుడికో గది,
ఒకే ఇంట్లో వేరు కాపురాలు.

"దీనికి మన అక్షరం రాదు" అన్నాను, తిరిగిచ్చేయబోతూ.
ఆమె వంగి చూసింది.
"మాకు తెలుగెప్పుడూ ఇట్లే కనిపిస్తది సార్.
మాట్లాడేది తెలుగే, సదివేది అరవం.
మా అమ్మమ్మ పెండ్లిపత్రిక పెట్టెలో ఉంది.
అదీ గడులే."

బయట ఎవరో పాత మానిటర్లు
బండికెత్తుతున్నారు.
నాకేం మాట్లాడాలో తోచలేదు.

"లెక్కపెడితే పోలా?" అంది తనే.
లెక్కపెట్టాం.
నాలుగైతే తోడి.
ఏడైతే కల్యాణి.
ఆరు దగ్గర తగువొచ్చింది,
ముఖారీ ఆరే, సావేరీ ఆరే.
కింది ఆరు నొక్కి
ఆమె ఒక చెవిలో, నేనొక చెవిలో పెట్టుకున్నాం.
ఆలాపన తానంలోకి ఒదిగిపోయింది,
నడుమ ఏ రైలూ ఎక్కలేదు.
"ఇదేది?"
"సావేరి."
"అట్లయితే పై ఆరు ఇంకోటి. అయిపాయె."

బేరం పద్దెనిమిది వందల దగ్గర తెగింది.
చిల్లర ఇస్తూ ఆగింది.
"నా పేరు కొట్టండి సార్. తెలుగులో."
ఖాళీ ఫోల్డరొకటి చేసి కొట్టాను.
ఏడు గడులు,
కల్యాణికి కొంచెం కింద, అచ్చం కల్యాణిలాగే.

యువరాణి వేలు పెట్టి
ఒక్కొక్క గడే దాటుతూ,
నాలుగక్షరాల పేరు
ఏడింటికీ చాలేలా సాగదీసి చదివింది,
ఎక్కడా తప్పు పోకుండా.