ఆడు

బ్రాడీపేట నాలుగో లైన్లో, మెట్ల కింద
మా డీటీపీ గది.
ఒక మధ్యాహ్నం దేవవరం మాస్టారు
బైండు ఊడిన నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పెట్టారు.
నలభై ఏళ్ళు ఒక్కరే కూడబెట్టుకున్న గ్రీకు మాటలు.
"నూట పన్నెండో పేజీలో ఆగిపోయానమ్మా."

ఒర్ఖెయొమై.
ఎదురుగా, నాట్యం చేయు. కొట్టివేత.
గంతులు వేయు. కొట్టివేత.
చిందు దగ్గర పెన్సిలు ముక్కు విరిగింది.
"కాళ్ళకే కాదు,
భయంతో గుండె అదిరినా వాళ్ళకిదే క్రియ.
మనకేదీ అంత మాట?"

టీ తెప్పించాను. కరెంటు పోయింది.
"ఊపిరాడటం లేదండీ" అన్నాను.
ఆయన నా వంక అదోలా చూశారు.

ఇక మొదలు.
వెనక సందులో జనరేటరు మీద కారం ఆడిస్తున్నారు,
ఇద్దరం తుమ్మాం.
మాటాడతాం, పోట్లాడతాం, అబద్ధమూ ఆడతాం.
పురిటికెళ్ళిన పిల్ల నీళ్ళాడుతుంది.
మంచి సినిమా ఆడదు.
నెలాఖరుకి చెయ్యి ఆడదు.
మాస్టారు వేళ్ళు మడుస్తున్నారు,
తల ఆడిస్తున్నారు,
ఆ సంగతి ఆయనకి తెలీదు.

ఒకటి మాత్రం నేను చెప్పలేదు.

మా మేనత్త సువార్తమ్మ
యార్డు ఎదుటి షెడ్డులో ఇరవై రెండేళ్ళు
మిరపకాయలకి తొడాలు తీసింది.
తేజా రకం కుప్ప చుట్టూ ముప్పై మంది,
పాట లేదు, ముక్కుకి కొంగు కట్టాక పాటెక్కడిది,
వేళ్ళు మాత్రం ఒక్క దరువు మీద
టిక్కు, టిక్కు,
బస్తా నిండేదాకా తప్పని తాళం.

మాఘంలో పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది.
పెద్దాసుపత్రి చీటీల మీద మూడు నెలలు
ఆడదు, ఆడదు, ఆడదు.
నిన్న రాత్రి, దుప్పటి మీద,
నిద్రలోనే,
బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికొచ్చి
లేని తొడిమని గిల్లాయి.
కాసేపాగి మళ్ళీ.
నా గుండె దడదడలాడింది.
ఆ మాట తోక పట్టి చూస్తే
అక్కడా అదే ఉంది.

కరెంటొచ్చింది.
ఒర్ఖెయొమైకి ఎదురుగా రెండక్షరాలు కొట్టాను.
"ఒక ఉదాహరణ పెట్టాలిగా?" అన్నారు మాస్టారు.
ఫ్యాను గాలికి ఆయన పేజీలు లేచిపోతున్నాయి.
టీ గ్లాసు పెట్టి నొక్కిపట్టాను.