పదిహేడో నమూనా

తోలు ఒలిచాక
మాంసానికి ముఖం ఉండదు.
ఏ అడవి గడ్డి మేసిందో, ఎవరి దొడ్లో పడుకుందో
చెప్పడానికి కొమ్ముల్లేవు, గిట్టల్లేవు,
తోకైనా లేదు.
లోడ్వార్ నుంచి రెండు పగళ్ళు బస్సులో కుదుపులు తిని
నైరోబీలో నా బల్ల మీద నీళ్ళు కారుతోంది
పాలిథిన్ సంచిలో అర కిలో ఎరుపు.

వెంట వచ్చిన కాగితంలో పోలీసు మాట:
"ముద్దాయి లొకాడెలి. వయసు తెలియదు.
ఏం కోశావంటే, కోరి, అన్నాడు.
తుర్కానా భాషలో కోరి అంటే జిరాఫీ.
నేరం ఒప్పుకున్నట్టే."
కింద కానిస్టేబుల్ కిలొంజో సంతకం,
సంతకం మీద టీ మరక.

ఆ కాగితం నేను చదవకూడదు.
నమూనాకి అంకె ఉంటే చాలు, మనిషి అక్కర్లేదు.
చదివాను.

కందిగింజంత ముక్క కోసి
ఎంజైము నీళ్ళలో రాత్రంతా నానబెట్టాను.
తెల్లారేసరికి కండ కరిగి తేట మిగిలింది.
చల్లటి ఆల్కహాల్ వొంపితే
సాలీడు సగంలో వదిలేసిన పోగులాంటిది
తేటలోంచి మెల్లగా లేచింది.
పన్నెండేళ్ళుగా చూస్తున్నా
అది లేచే క్షణాన ఊపిరి బిగబట్టడం మానలేదు.

ఆ తర్వాత యంత్రం వంతు.
వేడి, చలి, వేడి, చలి,
ఒకటి రెండై, రెండు నాలుగై...
ఇరవయ్యో చుట్టులో కరెంటు పోయింది.
జెనరేటర్‌ని నోటికొచ్చినట్టు తిట్టి
మళ్ళీ మొదటికొచ్చాను.
లాకప్పులో అతనికి అది పంతొమ్మిదో రోజు.

శుక్రవారం సాయంత్రం తెర నిండా
ఏ, సి, జి, టి.
నాలుగే అక్షరాలు. గుణింతం లేదు, ఒత్తు లేదు.
జిరాఫీ వరుస పక్కన పెట్టాను, పొసగలేదు.
కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టాను.
జీబ్రా కాదు. కుడూ జింక కాదు.
ఇంటి పశువు పక్కన పెడితే
ఒక్క అక్షరం తప్పలేదు.
ఆవో ఎద్దో చెప్పదు ఈ జన్యువు,
జాతి వరకే దాని చదువు.

మరి కోరి అని ఎందుకన్నాడు?

రాత్రి కాపలా ఎరెగెది ఆ వైపే.
అడిగితే ముందు నవ్వాడు, తర్వాత నవ్వలేదు.
"కోరి అంటే జిరాఫీయేనమ్మా.
జిరాఫీ మచ్చలున్న ఎద్దూ కోరే.
మాలో మగాడిని తన ఎద్దు పేరుతో పిలుస్తారు.
ఈ కరువుకి అది లేవలేకపోయుంటుంది,
ఊపిరుండగానే కోసుంటాడు.
అతను నేరం ఒప్పుకోలేదు,
పోయినవాడి పేరు చెప్పాడు."

నివేదికలో గళ్ళు మూడు.
జాతి. ఎంత శాతం ఖాయం. నా సంతకం.
మచ్చలకి గడి లేదు.
సాయంత్రాలు దాని మెడ నిమురుతూ
అతను పాడి ఉంటాడే, దానికీ లేదు.
"పెంపుడు పశువు" అని రాసి
సోమవారం పంపాను.

వదిలేశారని ఎవరో అన్నారు.
మాంసం మాత్రం తిరిగివ్వరు. గడువు దాటాక కాల్చెయ్యాలి.
అందాకా ఫ్రీజర్లో, మైనస్ ఇరవైలో,
సంచి మీద పదిహేడు అంకె కింద
పెన్సిల్‌తో చిన్నగా రాశాను: లొకోరి.
రాయకూడదు.
మంచు పట్టిన ప్లాస్టిక్ మీద
పెన్సిల్ ఎలాగూ నిలవదు.