కొండ దిగిందా?

అకురేరిలో అక్టోబరు చివర, మధ్యాహ్నం నాలుగు.
కిటికీ అవతల నీళ్ల మీద వెలుగు
అప్పుడే మూటాముల్లె సర్దుకుంటోంది.
నా తెర మీద గొర్రెల పట్టిక:
చెవి బిళ్ల నంబరు, ఆసామి పేరు, లోయ పేరు,
చిట్టచివర ఒక గడి, "కొండ దిగిందా?"

పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి మోయాలి వీటిని.
మోసేముందు తట్టి చూడడం నా ఉద్యోగం,
కుండ కొనేవాళ్లు వేలి కణుపుతో తట్టినట్టు.

నిజం అని పెట్టాను, ఒకటి అని రాసుకుంది.
అబద్ధం అన్నాను, సున్నా చుట్టింది.
మాటల్లో చెబితే మాత్రం
మొహం చిట్లించి వెనక్కి పంపేసింది.
కొత్తది అలా కాదు, మర్యాదస్తురాలు:
ఎస్ అన్నా, ఆన్ అన్నా, టీ అని ఒక్క అక్షరం గొణిగినా
తలాడిస్తుంది.
మా వాళ్లు ఔనుకి "యౌ" అంటారు,
అదొక్కటే దానికి తెలీదట.

దిగినవెన్ని? రెండువేల మూడువందల పదకొండు.
దిగనివి? నలభై.
మొత్తం మంద? రెండువేల మూడువందల యాభై ఎనిమిది.
పెన్సిలు తీసి కాగితం మీద మళ్లీ కూడాను.
ఏడు గొర్రెలు
ఔనులో లేవు, కాదులో లేవు.

ఆరింటి గడి ఖాళీ.
ఖాళీ అంటే కాదని కాదు. ఖాళీ అంటే ఏమో.
ఏమోని తిరగేసి చూశాను, అటుపక్కా ఏమోనే.
ఈ ఏమో, ఆ ఏమో ఒకటేనా అని
పక్కపక్కన నిలబెట్టి అడిగాను,
దానికీ ఏమో.
ఏమో పక్కన ఒక నిజాన్ని కూర్చోబెట్టి
మీ ఇద్దరిలో ఒక్కరైనా నిజమేనా అంటే
అప్పుడు మాత్రం తడుముకోకుండా ఔనంది.

ఏడోది 4417. దాని గడిలో రెండు.
ఔనో కాదో రాయాల్సిన చోట
రెండు ఎవరు రాస్తారు?
పాతదేమో కిక్కురుమనకుండా మింగేసింది.
"నువ్వు నిజమేనా?" అంటే నిజమేనంటుంది,
"నిజంతో సమానమా?" అంటే కాదంటుంది.
ఈ రెండు ప్రశ్నలకీ తేడా చెప్పడానికి
పక్క బల్ల థోర్లాకుర్‌తో పావుగంట పట్టింది,
అతని కాఫీ చల్లారింది.

ఆసామి హాల్‌బ్యోర్న్, ఓక్స్‌నాదాలుర్ లోయ.
ఫోన్ చేశాను. వెనక ట్రాక్టరు, కుక్క.
"రెండు వేశారేంటి, 4417కి?"
"దిగింది కదమ్మా. దాని వెనకాలే ఇంకోటి దిగింది.
చెవిన బిళ్ల లేదు, ఎవరిదో తెలీదు.
మీ పట్టికలో దానికి వరస లేదు.
ఎక్కడ రాయమంటావు? మేతైతే వేస్తున్నాను."

అక్కడితో పెట్టేయొచ్చు. నోరు ఆగలేదు.
ఖాళీ గడుల్లో రెండు ఆయనవే.
"మరి ఆ రెండూ? సున్నా వేసుకోనా?"
కాసేపు గాలి ఒక్కటే మాట్లాడింది.
"మంచు పడ్డాక పైకి ఎవరూ ఎక్కలేదు.
దొడ్డి తలుపు నేనింకా వెయ్యలేదు.
సున్నా అంటావా,
కళ్లతో చూసినవాడు వెయ్యాలి అది."

రేక్యవిక్ నుంచి వచ్చిన నియమాల్లో
పద్నాలుగోది: ఖాళీ ఉంటే అబద్ధంగా నింపవలెను.
పరీక్ష నడిపాను. ఒక్క లిప్త.
ఆరు గొర్రెలు చచ్చిపోయాయి, ఎర్రగీత ఒక్కటీ పడలేదు,
అంతా పచ్చగా ఉంది.
రెండు కూడా ఒకటైపోయింది,
వెనకాల నడిచొచ్చినది ఎవరికీ చెప్పకుండా రాలిపోయింది.

వెనక్కి తిప్పాను.
కొత్త వరస ఒకటి చేర్చబోయాను దానికోసం:
బిళ్ల ఖాళీ, ఆసామి ఖాళీ, కొండ దిగిందా నిజం.
నంబరు లేనిదే గుమ్మం తొక్కనివ్వనంది.

చీకటి పడింది. థోర్లాకుర్ కోటు తొడుక్కున్నాడు.
లోపం ముప్పై ఒకటి, అని రాసి
కింద గొర్రె సంగతి, మంచు సంగతి
ఎవరూ చదవనంత పొడుగ్గా రాశాను.
స్థితి అన్నచోట
తెరిచి ఉంది అని పెట్టాను.