దొడ్డి లెక్క

మా దొడ్డి పొడవు మూడు నులకమంచాలు,
వెడల్పు రెండు మంచాలూ ఒక కోళ్ళగంప.
నాలుగేళ్ళుగా అక్కడ కాపురమున్నవి
సర్కారు కంప, పగిలిన సింకు,
మా ఆయన రేపు బాగుచేస్తానన్న సైకిలు.

ఆషాఢంలో కుట్టుపని పలచబడింది.
ఊరికే ఉన్న చేతులు పోట్లాటకి దిగుతాయి,
మనుషుల మీదికెందుకని కంప మీదికి పోయాను.
మూడు రోజులు, ఒక గడ్డపార, తొమ్మిది ముళ్ళు.

నర్సరీ అబ్బాయి వచ్చి చూశాడు.
లాన్ అన్నాడు, తెల్ల గులకరాళ్ళన్నాడు,
ఇరవై రెండు వేలన్నాడు.
చల్ల తాగించి పంపాను.

మార్కాపురంలో పుట్టి
రాయి కొనుక్కుంటే నవ్వరూ?
పలకల ఫ్యాక్టరీ తాళం తుప్పు పట్టింది గానీ
వెనక గుట్ట అట్లనే ఉంది:
మూల విరిగినవి, చార పడినవి,
చట్రానికి ఒదగక
ఏ బడికీ పోలేకపోయినవి.
యలమంద ఆటోలో నాలుగు ట్రిప్పులు.
డబ్బులొద్దక్కా, మా ఇంటిదానికి
రెండు జాకెట్లు కుట్టిపెట్టు అన్నాడు.
లైనింగుతోనా?
లైనింగుతోనే.

నాసరయ్య మామ ముప్పై ఏళ్ళు పలక చీల్చాడు.
ఇప్పుడు మా వాకిలి దాకా రావడానికి
రెండు చోట్ల ఆగి ఊపిరి వెతుక్కుంటాడు.
గాలి ఎటునుంచి వస్తుందో చూసుకుని
దుమ్ముకి దూరంగా గోనెపట్టా మీద కూచుని చెప్పాడు:
"అడ్డంగా కొట్టబాకమ్మే.
పొర యాడుందో అడుగు, అదే విచ్చుకుంటుంది."
నేను నీళ్ళు చల్లి మరీ అడిగాను.
కొన్ని విచ్చుకున్నాయి.
కొన్ని నా మాట వినలేదు.

వంటింటి గుమ్మం నుంచి తడికల స్నానాలగది దాకా బాట.
వంకర నాది కాదు,
నీళ్ళు ఎటు పారతాయో అటు వేశాను.
ఈ ఊళ్ళో నీళ్ళే పెద్దమనిషి.
డ్రమ్ము ట్యాంకరు నీళ్ళకి రేటు అడిగితే
మొక్కలు వాటంతటవే వాడిపోతాయి.
అందుకని బియ్యం కడుగు బచ్చలికి,
స్నానాల నీళ్ళు కాలవ కట్టి మెట్టతామరకి, అరటి పిలకకి.
పగిలిన సింకులో కలబంద.
సైకిలు చక్రం గోడకి కొడితే
దొండతీగ దాన్ని తొక్కడం మొదలుపెట్టింది,
మా ఆయన కన్నా ముందే.

అడిగి తెచ్చిన కొమ్మ బతకదంటారు,
దొంగిలించాలంట.
ఖాసింబీ గోడవతల నిలబడి
"ఇదిగో, నేను అటు తిరుగుతున్నా" అంది.
గోరింట రెండు, నందివర్ధనం ఒకటి.
దొంగతనం అయ్యాక ఇటు తిరిగి
ఎరువుకి మేకల పెంటిక కూడా ఇచ్చింది.

ఇసక రెండొందలు.
పాత గోతాలు పది, యాభై.
చక్రానికి మేకులు, ముప్పై.
జాకెట్లు లెక్కెయ్యలేదు.
గోరింట లెక్కెయ్యకూడదు.

అంతా అయ్యాక అసలు చిక్కొచ్చింది.
మా చెంచులక్ష్మి మూడో తరగతి.
స్నానానికి పోతూ మొదటి రాయి మీద కాలు పెట్టి
గబుక్కున వంగి కళ్ళకద్దుకుంది.
రెండో రాయి, మళ్ళీ.
"పలక తొక్కితే చదువు రాదు గదమ్మా."
అరవై నాలుగు పలకలు, అరవై నాలుగు దండాలు,
బడిగంట కొట్టేశారు.

మామ పిలిచి పక్కన కూచోబెట్టుకున్నాడు.
"అక్షరం పడేదాకా అది వట్టి రాయే తల్లీ.
నేను ఎన్ని తొక్కానో లెక్కలేదు."
కాసేపు దగ్గాడు.
"చదువూ రాలేదనుకో" అన్నాడు.

పిల్ల ఆలోచించింది.
సాయంత్రానికి బలపం ముక్క పట్టుకుని
గుమ్మం ముందు రాయి మీద
ఇంతలావు అ రాసింది.
పక్కదాని మీద ఆ.
మామ పేరు ఎట్లా రాయాలో అడిగి
ఆరు రాళ్ళ మీద ఎక్కించింది, వత్తుతో సహా.

ఇప్పుడు మేం ఎవ్వరం బాట మీద నడవడంలేదు.
అంట్లగిన్నెలతో, తడిబట్టల్తో
అక్షరాల పక్కనుంచి దాటుకుంటూ పోతున్నాం.
మామ రోజూ గుమ్మంలో నిలబడి
తన పేరు దాకా చూసి వెళతాడు.

బచ్చలికి వాన కావాలి.
మాకూ కావాలి, నడవడానికి.
మబ్బు పట్టినప్పుడల్లా
పిల్ల మాత్రం
గోతం తీసుకుని దొడ్లోకి పరిగెడుతుంది.