లోపటి మడత

ఫిబ్రవరి నడుమ తుగ్బా గల్లీల
గాలి ఇంకా సల్లగనే ఉంటది.
గప్పుడొస్తరు నాలుగు బళ్ల ఆటల సార్లు,
నాలుగు బట్ట తాన్లు సంకల వెట్టుకొని.
జుబైల్‌ది నీలం. రాస్ తనూరాది ఆకుపచ్చ.
దమ్మాంది ఎరుపు,
ఉతికితే రంగు దిగుతదని జెప్పిన, ఇనలే.
మా ఖోబర్‌ది తెలుపు మీద నల్లగీతలు,
గీతకు గీత కలిపి కుట్టుడంటే కండ్లు పోతయి.

బేస్‌బాల్ అంటరు.
నేనెన్నడు సూడలే.
కాంపౌండు గేటు కాడ పాసు లేని కాలు ఆగిపోతది.
పక్క దుకాణంల గడియారాలు బాగుజేసే రొడెల్
గజంకట్టె తీసుకొని కొట్టి సూపిస్తే
చిర్రగోనె అసొంటిదే అనుకున్న, నాకు నేనే.
ఒక తెల్ల పలకకు ఇల్లు అని పేరువెట్టిండ్రంట.
ఊరంత ఉరికి ఆడికి మర్లొస్తేనే
ఒక పరుగంట.
నేను నవ్విన.
ఎందుకు నవ్విన్నో వాడు అడుగలే,
వాడు గూడ నవ్విండు.

ఆట మొదలుగాక ముందే
సార్లు నా కటింగు బల్ల మీద మోచేతులానిచ్చి
ఎవరు గెలుస్తరో తేల్చుకుంటరు.
జుబైల్ ఒకటి, రాస్ తనూరా రెండు,
మేము మూడన్న వస్తమా అని
మా కాలెబ్ సారు నా సుద్దముక్కతోటి
బల్ల మీదనే అంకెలేస్తడు.
ఆయన పోంగనే తుడుస్త,
బట్టకు అంటుతదని.

నాకూ ఒక లెక్కున్నది. ఎవ్వలడుగరు.
సిరిసిల్లల మా నాయిన పోగును పంటికింద కొరికి
చీర ఎన్నేండ్లు కడతరో జెప్పేటోడు.
ఆయన లెక్క తప్పింది ఒక్క మగ్గం సంగతిలనే.
నాకు టేపున్నది.
జుబైల్ల బంతి ఇసిరే పోరడు గస్సాన్,
కుడి దండ ఎడమదానికన్న ముప్పావు అంగుళం లావు.
పోయినేడు అర్ధంగుళమే.
అంటే గా నిప్పుల ఎండకాలమంత
ఒక్కడే గోడకేసి ఇసిరిండన్నట్టు.
రాస్ తనూరా పాత లాగులు అతుకుకొస్తే
పదకొండింటికి మోకాళ్లు చినిగినయి.
దమ్మాంవి ఇస్త్రీ మడతలు గూడ చెదరలే.
ఇగ జోస్యమెందుకు?

మార్చి రెండో తారీఖు.
మొదటి ఆటకు నాలుగొద్దులున్నది.
జుబైల్ సారు ఒక్క అంగి పట్టుకొని మర్లొచ్చిండు.
ఈపు మీది పేరు ఇప్పాల్నంట.
గస్సాన్ వాళ్ల నాయిన కాంట్రాక్టు ఒడిసింది,
ఎగ్జిట్ ముద్ర వడ్డది,
ఆదివారం విమానం.
సారు నా బల్ల దిక్కు సూడలే.
సుద్దముక్క ముట్టలే.

ఇంగ్లీషుల ఏడక్షరాలు.
బ్లేడు కొసతోటి ఒక్కొక్క కుట్టు ఇప్పెవరకు
రాత్రి పదిదాటింది.
దారమైతే పోయింది గని
సూది బొక్కలు పోలే.
ట్యూబులైటుకు పట్టి సూస్తే
వట్టి నీలంల పేరు సదువొస్తనే ఉన్నది.
దాని మీదనే ఇద్రీస్ అని కుట్టాలె.
అయిదక్షరాలు.
ఎట్ల జరిపినా చివర రెండక్షరాల బొక్కలు
బయటనే మిగిలినయి.

తెల్లారి ఇద్రీస్ వచ్చిండు కొలతకు.
తొమ్మిదో తరగతి.
టేపు మెడకు తాకితే ఉలిక్కిపడ్డడు.
రెండు దండలు సమానం.
సారు మొహం సూస్తే
జుబైల్ ఒకటో నంబరుల లేదిప్పుడు,
ఎన్నోదని అడిగేతందుకు నాకు నోరు రాలే.

పెరిగే పోరగాండ్లని
నేను ప్రతి అంగికి రెండంగుళాల బట్ట
లోపటికి మడిచి కుడుత.
దానికి పైసలడుగ, సార్లకు తెల్వది గూడ.
గీ పోరనికి మూడు వదిలిన.

ఈ ఏడు ఎవరు గెలుస్తరని
మొన్న రొడెల్ అడిగిండు.
ఏప్రిల్ల అతుకుకు లాగులొస్తయి గద,
మోకాళ్లు సూసి జెప్త అన్న.