పైతోలు

బ్రాడీపేట షోరూములో కుర్రాడు
బూటు మీద గ్లాసుడు నీళ్ళు పోసి చూపించాడు.
అప్పులవాణ్ణి చూసిన ఇంటాయనలా
నీళ్ళు పక్కకి జారుకున్నాయి.
"లోపల పొర ఉంది సార్, వాన దిగదు."
"మరి చెమట ఎక్కడికి పోతుంది బాబూ?"
వాడు మేనేజరు వైపు చూశాడు.

నేను మిర్చియార్డులో కాటా గుమస్తాని.
ఇరవై రెండేళ్ళు ఘాటు పీల్చిన ఊపిరితిత్తులకి
డాక్టరమ్మ రాసిచ్చిన మందు
ఆదివారం, కొండవీడు.
ఘాట్ రోడ్డున కాదు, పాత మెట్లదారిన,
మెట్లయిపోయాక దారి కాని దారిన.

మొదటి జత జాలీగుడ్డది.
ఈకంత తేలిక. గాలాడుతుంది.
గాలాడే చోటల్లా కారమూ ఆడుతుందని
సోమవారం అవే వేసుకుని యార్డుకి పోతే తెలిసింది.
పల్లేరుకాయకైతే అది తలుపు తీసిన ఇల్లు.
రెండో జత తోలులా కనబడే తోలు కానిది.
రెండు వేసవులకి
ఉల్లిపొరలా లేచిపోయింది.

దాన్నే సంచిలో వేసుకుని
ఓవర్‌బ్రిడ్జి కింద ఏసుపాదం దగ్గరికెళ్ళాను.
పేరులోనే పాదమున్న మనిషి.
బూటుని ముందు వాసన చూశాడు,
తర్వాత జాతకం చెప్పాడు:
"ఎడమకాలు ఈడుస్తారు.
దిగేటప్పుడు భయం, బొటనవేలు దగ్గర నలిగింది.
ఏదో రాయి మీద కూచుని చాలాసేపు
మడమ రుద్దుతూ ఆలోచిస్తారు, ఇదిగో గీత."
మా ఆవిడకి కూడా తెలియని సంగతి
ఆ గీత చెప్పేసింది.

పెట్టె కిందనుంచి మూడు ముక్కలు తీశాడు.
ఒకదాని మీద నూగు.
"ముట్టుకుంటే ముద్దొస్తుంది. మన దుమ్ముకి మూణ్ణాళ్ళు."
ఒకటి నిగనిగలాడేది.
"మచ్చలు గీకేసి పైన అచ్చు పోశారు, పెళ్ళిచూపుల ముఖం."
మూడోదాని మీద పాత ముల్లు గీత, జోరీగ కాటు.
"ఇదీ తోలంటే. ఈ గేదె కంచెల్లో పడి తిరిగింది సార్."
మడిచాడు, సన్నటి ముడతలు.
వదిలాడు, పోయాయి.
గోటితో గీసి వేలితో రుద్దితే
గీత లోపలికి ఇంకిపోయింది.

"ఒకే ముక్కలో కోస్తాను. కుట్టంటే చిల్లే కదా,
కుట్లెక్కువైతే నీళ్ళకి దారులెక్కువ."
"బరువుండదా? ఉక్కపోయదా?"
"ఉంటుంది. పోస్తుంది." దాచలేదు.
"చీలమండ దగ్గర మాత్రం గుడ్డ వేస్తా.
ముళ్ళు కిందుంటాయి, ఆవిరి పైకొస్తుంది."

దారానికి మైనం పూస్తూ అన్నాడు,
"మా తాత కపిల బానలు కుట్టేవాడు.
తంగేడు చెక్కలో ఊరిన తోలు,
బావిలో రోజుకి వందసార్లు మునిగేది.
ఆ నీళ్ళు పారిన చేలో మాత్రం
మమ్మల్ని చెప్పులతో నడవనిచ్చేవాళ్ళు కాదు."
సూది ఆగలేదు.
పైన బస్సు పోయింది. వంతెన నుంచి దుమ్ము రాలింది.
ఏమనాలో తెలియక నేను ధర అడిగాను.

పాత పేపరు మీద పాదం పెట్టమన్నాడు.
పెన్సిలు చుట్టూ తిరిగి చక్కిలిగింత పెట్టింది.
కుడిదానికంటే ఎడమది పావంగుళం పెద్దది!
ఊరి మిర్చినంతా తూచినవాణ్ణి,
నలభై తొమ్మిదేళ్ళు రెండు కాళ్ళకీ ఒకే సైజు కొన్నాను.

"మొదటి నెల కరుస్తాయి. ఇంట్లోనే తిరగండి.
ఆముదం రాయండి. ఎండలో పెట్టకండి."
"నువ్వెప్పుడైనా ఎక్కావా కొండవీడు?"
"అమ్మమ్మ వాళ్ళది ఆ కిందే.
చిన్నప్పుడు ఎక్కాం, వట్టికాళ్ళతో."
లేవబోతుంటే నా సంచి వైపు చూశాడు.
"అవి పారెయ్యకండి. అడుగు బాగానే ఉంది."