దూది బరువు

"కడపోళ్లకు సలేందిమే!" అని నవ్వుతారు
జీన్సు ప్యాంట్లతో వచ్చి, పడవ ముక్కు మీద చెయ్యేసి.
పైన రాయి పది గంటలకే కాలుతుంది, నిజమే.
కింద గండిలో, రెండు గోడల నడుమ
పెన్న నీళ్లకు ఎండ చాలా ఆలస్యంగా అందుతుంది.
ముందు వాళ్లను మోకాళ్లదాకా దింపుతాను.
ఇరవై లెక్కపెట్టమంటాను.
పన్నెండు దగ్గర నవ్వు ఆగిపోతుంది.

గాలిని చూసి కాదు, నీళ్లను చూసి తొడుక్కో.
నాకిది ఎవరూ చెప్పలేదు.
పోయిన డిసెంబర్లో బోల్తా పడినప్పుడు
ఒంటి మీద నాయన కుట్టిన దూది కోటు.
అరుపు గొంతులోనే గడ్డకట్టింది.
తెడ్డు చేతిలోనే ఉంది, చెయ్యి మాత్రం నాది కాదు.
లైఫ్ జాకెట్ పైకి లాగుతోంది, కోటు కిందికి,
నడుమ నేను.

మాది దూదేకుల ఇల్లు.
జమ్మలమడుగులో మా సందులో విల్లు టంగుమంటే
ఎవరింట్లోనో పెండ్లి పరుపులని అర్థం.
నాయన దస్తగిరి ఆ నూగు పీల్చి పీల్చి దగ్గుతాడు,
అయినా దూది మీద మాట పడనీడు.

నేనూ అనలేదు.
బకెట్లో గుప్పెడు దూది ముంచి
ఆయన అరచేతిలో పెట్టాను.
చాలాసేపు పట్టుకున్నాడు.
పిండాడు. మళ్లీ పట్టుకున్నాడు.
"తాగినాక ఎవురి బుద్దైనా ఇంతేలేమే" అన్నాడు.
రెండు రోజులు ఆ మాట ఎత్తలేదు.

మా దగ్గర రబ్బరు సూట్లు నాలుగు.
ఒకటి చంక దగ్గర చినిగింది, రెండు పొడుగాటోళ్లవి,
నాకు పట్టేది మెడ దగ్గర వదులు.
వదులైతే చన్నీళ్లు చుట్టాల మాదిరి వచ్చిపోతుంటాయి,
మరీ బిగిస్తే తెడ్డు ఎత్తలేను.
వానలో గొర్రెలు మేపే కురుబ బీరప్పను అడిగాను.
గొంగడి అంచు నలుపుతూ అన్నాడు:
"ఉన్నీ తడుస్తాది. గానీ ఒంటిని మరిసిపోదు."

మూడో రోజు తెల్లారేసరికి
నాయన పరుపులు కుట్టే సూదితో కూచున్నాడు,
ఒళ్లో గొంగడి ముక్క.
"నీళ్లు యాడ దూరతాయి?"
మెడ చూపించాను. చంకలు. నడుము వెనక.
దారంతో కొలిచాడు, నోట్లో ముడి పట్టుకొని.

చేతుల్లేని బనీను, సూటు లోపలికి.
గరగరా గుచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి మెడంతా ఎరుపు.
కాలరు లోపలివైపు, ఎవరికీ కనబడకుండా
చిటికెడు దూది పెట్టి కుట్టాడు.
నాకు తెలుసు. ఆ చిటికెడు తడుస్తుంది.
తడవనీ.